నాచు చెరువులో కార్ప్ చేపకి గాలం కట్టడం

నాచు మందంగా ఉంటే ఎర అందులో కూరుకుపోయి కార్ప్‌కి కనబడదు. చాన్నాళ్లు నేనూ పొట్టి దారం కట్టి, రోజంతా కూర్చుని ఉత్తచేతులతో లేచాను. ఇప్పుడు తేలే ఎరే, 25 సెంటీమీటర్ల దారంతో.

ముందు దారం చివర చిన్న ఉచ్చు వేసి, కొక్కేనికి కాకుండా ఆ ఉచ్చుకే ఎర గుచ్చండి. రెండో కొసను కొక్కెం కన్నులోకి వెనకనుంచి దూర్చి, ఎరకీ కొక్కెం వంపుకీ మధ్య సెంటీమీటరు వదలండి. ఆ కొసను కొక్కెం కాడ (నిలువు భాగం) చుట్టూ 7, 8 చుట్లు బిగుతుగా తిప్పి, మళ్లీ వెనకనుంచే, మొనవైపుకి వచ్చేలా దూర్చాలి. ముందునుంచి దూరిస్తే కొక్కెం నోట్లో సరిగ్గా తిరగదు. నా చేపలు ఎక్కువ జారింది ఇక్కడే. బిగించేముందు ముడి తడపండి.

కొక్కేనికి 5 సెంటీమీటర్ల కింద టంగ్‌స్టన్ ముద్ద (మెత్తగా అతుక్కునే బరువు) కాస్త అద్ది, బకెట్ నీళ్లలో వేసి చూడండి. ఎర నెమ్మదిగా మునిగి, ముద్ద అడుగు తాకాక నిటారుగా నిలబడాలి.

సీసం గుండు మాత్రం నాచులో చిక్కితే ఊడిపోయేలా క్లిప్‌కి తగిలించండి. గుండు పోతే పోనీ, దాన్ని ఈడ్చుకుంటూ తిరిగే చేపను తలుచుకుంటేనే నాకు టెన్షన్.