ఆర్వీలో వాడిన నీటిని మళ్ళీ వాడుకోవడం ఎలా

అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు పడమటి అంచున క్వార్ట్జ్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. చలికాలం వచ్చిందంటే దాని చుట్టూ ఉన్న ఎడారి నేలల్లో వేలకొద్దీ ఆర్వీలు, అంటే వంటగది, పడక, టాయిలెట్ అన్నీ లోపలే ఉన్న బండ్లు, వచ్చి ఆగుతాయి. అక్కడ కరెంటు తీగ ఉండదు, కుళాయి ఉండదు, మురుగు గొట్టం ఉండదు. ఇలాంటి చోట బండిలో ఉన్న వాటితోనే గడుపుకోవడాన్ని బూన్‌డాకింగ్ అంటారు. ప్రభుత్వ భూములను చూసుకునే కేంద్ర ప్రభుత్వ శాఖ బీఎల్ఎం కింద ఉన్న ఆ నేలల్లో చాలా చోట్ల 28 రోజుల వ్యవధిలో 14 రోజుల వరకు రుసుము లేకుండా ఉండనిస్తారు. అయితే అనుమతి 14 రోజులున్నా నీళ్ళు అన్నాళ్ళు రావు. ఫీనిక్స్ నుంచి మేము నలుగురం మొదటిసారి వెళ్ళినప్పుడు రెండో రోజు చీకటి పడే వేళకే పంపు గాలి పీల్చుకుంటూ గరగరమనడం మొదలుపెట్టింది, సింకులో సబ్బు నురుగుతో గిన్నెలు అలాగే మిగిలిపోయాయి. ఆ తరువాతి ప్రయాణాల్లో ఒక్కొక్కటిగా నేర్చుకుని, ఇప్పుడు ప్రతిసారీ పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా బండిలోని మూడు ట్యాంకుల సంగతి తెలియాలి. మంచినీళ్ళు ఉండేది ఫ్రెష్ ట్యాంకు. వంటగది సింకు, చేతులు కడుక్కునే సింకు, షవరు నుంచి వచ్చే వాడిన నీళ్ళు చేరేది గ్రే ట్యాంకు. టాయిలెట్ నుంచి వచ్చేవి చేరేది బ్లాక్ ట్యాంకు. మా ట్రైలర్‌లో ఫ్రెష్ ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు పడుతుంది, మిగిలిన రెండూ చెరి 30 గ్యాలన్లు, అంటే సుమారు 115 లీటర్లు పడతాయి. మీ బండి కొలతలు దాని పుస్తకంలో ఉంటాయి, బయలుదేరే ముందే ఒక కాగితం మీద రాసుకోండి.

ఆ కాగితం మీదే రోజు ఖర్చు కూడా వేసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. మా నలుగురికి, పొదుపుగా వాడినా, తాగడానికీ వంటకీ 12 లీటర్లు, గిన్నెలకు 10, స్నానాలకు మనిషికి 5 చొప్పున 20, చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడానికి, ఇతర శుభ్రతకు 8 లీటర్లు అవుతాయి. ఇవన్నీ కలిపితే 50. ఇక టాయిలెట్‌లో ఒక్కో ఫ్లష్‌కు లీటరున్నర అనుకుంటే, రోజుకు 20 సార్లకు 30 లీటర్లు. మొత్తం 80 లీటర్లన్నమాట, అంటే రెండు రోజులు నిండకుండానే ట్యాంకు ఖాళీ. ఇందులో ఆ 30 లీటర్లు తాగే నీళ్ళై ఉండవలసిన అవసరం ఏమాత్రం లేదు. వాటి స్థానంలో అప్పటికే వాడిన నీళ్ళు పోస్తే రోజు ఖర్చు 50కి దిగి, అదే ట్యాంకు మూడు రోజులు వస్తుంది. పైగా గ్రే ట్యాంకులోకి వెళ్ళే నీరు రోజుకు సుమారు 38 లీటర్ల నుంచి ఎనిమిది లీటర్లకు తగ్గుతుంది. క్యాన్లతో బయటి నుంచి నీళ్ళు తెచ్చి ఫ్రెష్ ట్యాంకు నింపుకునేవారికి ఈ రెండో లాభమే ఎక్కువ, ఎందుకంటే మంచినీళ్ళు తెచ్చుకోగలిగినా నిండిన గ్రే ట్యాంకును డంప్ స్టేషన్‌కు, అంటే ట్యాంకుల్లోని మురుగు వదిలే చోటికి, చేర్చాలంటే బండిని కదిలించక తప్పదు.

కొందరు గ్రే ట్యాంకు అడుగున చిన్న 12 వోల్టుల పంపు బిగించి, దానితో టాయిలెట్‌కు గొట్టం వేసుకుంటారు. నేను ఆ పని చేయమని చెప్పను. నీరు ఒకసారి ఆ ట్యాంకులోకి దిగిందంటే జిడ్డు, మెతుకులు, సబ్బు, ముందు రోజు మురుగు అన్నీ కలిసిపోతాయి, పంపు పూడుకుపోతుంది, వాసన లోపలికి వస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, గొట్టాల బిగింపులో చిన్న పొరపాటు జరిగినా వాడిన నీరు మంచినీటి గొట్టంలోకి ఎక్కే అవకాశం ఉంటుంది. కాబట్టి నీటిని ట్యాంకులో పడకముందే పట్టుకోవాలి. దీనికి కావలసిన సామాను చాలా తక్కువ: సింకులో సరిగ్గా పట్టే ప్లాస్టిక్ టబ్బు ఒకటి, షవరు కింద పట్టే వెడల్పాటి బేసిన్ ఒకటి, మూత ఉన్న 15 లీటర్ల బకెట్ ఒకటి, పొడుగు పిడి మగ్గు ఒకటి, సన్నని జాలీ ఒకటి. బకెట్, మగ్గు ఎర్రవి కొనండి, బండిలో ఇంకే పాత్రా ఆ రంగులో ఉండకూడదు. రాత్రి వేళ నిద్రకళ్ళతో లేచిన పిల్లవాడికి కూడా ఎర్ర మగ్గు దేనికో తెలియాలి.

వేడి నీళ్ళ కుళాయి తిప్పగానే వేడి రాదు, గొట్టంలో నిలిచిన చల్లని నీళ్ళు ముందు వస్తాయి. అవి వాడిన నీళ్ళు కావు, ఊరికే సింకులోకి పోతున్న శుభ్రమైన నీళ్ళు. వాటిని ఒక జగ్గులో పట్టి, తరువాత గిన్నెలకో స్నానానికో వాడుకోవాలి.

వంటగది విషయంలో మన వంటకు తగ్గ జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఊళ్ళో బియ్యం కడుగు ఎవరూ పారబోయరు, అది కుడితి తొట్టిలోకి వెళ్ళి పశువులకు దక్కుతుంది. ఆర్వీలో పశువులు లేవు గానీ ఆ కడుగుకు విలువ మాత్రం తగ్గలేదు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళలో సబ్బు ఉండదు కాబట్టి, తిన్న కంచాలను, అన్నం అంటుకున్న గిన్నెను ముందు వాటిలో నానబెట్టండి, మెతుకులు వాటంతటవే వదులుతాయి. అదే కడుగును గ్రే ట్యాంకులోకి వదిలితే గంజి పులిసి, ఎండకు ఒక్క రోజులోనే భరించలేని వాసన వస్తుంది. ఇక తాలింపు నూనె, కూర జిడ్డు నీళ్ళలో పడకూడదు. కడిగే ముందు మూకుడును, కంచాలను కాగితంతో గట్టిగా తుడిచి, ఆ కాగితాన్ని చెత్త సంచిలో వేయాలి. ఈ ఒక్క అలవాటుతో గిన్నెల నీళ్ళు సగానికి తగ్గుతాయి. ఆ తరువాత టబ్బులో నాలుగు లీటర్ల నీళ్ళకు రెండు చుక్కల సబ్బు వేసి గిన్నెలన్నీ తోమి, మంచినీళ్ళను సన్నని ధారగా వదిలి అదే టబ్బు మీద తొలుచుకోవాలి. టబ్బులో చివరికి మిగిలిన నీటిని జాలీ మీదుగా ఎర్ర బకెట్‌లోకి వంచాలి.

స్నానానికి షవరు కన్నా మన బకెట్, చెంబు పద్ధతే మేలని నా అనుభవం. షవరు నిమిషానికి ఐదారు లీటర్లకు పైగా పారబోస్తుంది. బేసిన్‌లో నిలబడి, ఐదు లీటర్ల గోరువెచ్చని నీటితో చెంబుతో పోసుకుంటే పెద్దవాళ్ళకు సరిపోతుంది, తలస్నానం రోజున ఇంకో మూడు లీటర్లు చేర్చాలి. షవరే కావాలంటే ఒళ్ళు తడిపి, ఆపి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పుకోవాలి. ఎలా చేసినా నీళ్ళు కాళ్ళ దగ్గరి బేసిన్‌లోకి రావాలి, అక్కడి నుంచి వాటినీ ఎర్ర బకెట్‌లోకి వంచాలి. తలనూనె పెట్టుకున్న రోజు నీళ్ళు మాత్రం పక్కన పెట్టకుండా గ్రే ట్యాంకులోకి వదిలేయడం మంచిది, ఆ జిడ్డు టాయిలెట్ అడుగున ఉండే రబ్బరు సీలుకు పడుతుంది.

ఇప్పుడు అసలు పని, ఫ్లష్. ఆర్వీ టాయిలెట్‌లో పెడల్ తొక్కితే అడుగున మూత తెరుచుకోవడంతో పాటు ఫ్రెష్ ట్యాంకు నీళ్ళు కూడా వస్తాయి. అందుచేత ముందు నీటి పంపు స్విచ్ ఆపాలి, లేదా టాయిలెట్ వెనక గొట్టానికి చిన్న వాల్వు ఉంటే దాన్ని మూసేయాలి. వాల్వు ఉంటే అదే సుఖం, ఎందుకంటే సింకులకు నీళ్ళు వస్తూనే ఉంటాయి. ఎర్ర మగ్గుతో బకెట్‌లోని నీళ్ళు కాసిని ముందే టాయిలెట్ గిన్నెలో పోసి ఉంచి, పని అయ్యాక పెడల్ పూర్తిగా తొక్కి, జానెడు ఎత్తు నుంచి, చిందకుండా, ఆ గిన్నె లోపలి గోడ చుట్టూ తిరిగేలా మిగతా నీళ్ళు పోయాలి. పెడల్ వదిలాక మగ్గెడు నీళ్ళలో పావు వంతు గిన్నెలోనే నిలిచేలా పోయాలి, ఆ నీరు సీలు మీద నిలబడి కింది వాసనను పైకి రానివ్వదు. మూత్రానికి అర లీటరు చాలు. మలవిసర్జనకు మాత్రం రెండు లీటర్లకు తగ్గించకూడదు, ఎందుకంటే నీళ్ళు చాలకపోతే ట్యాంకులో సరిగ్గా గొట్టం కింద గుట్టలా పేరుకుని గట్టిపడుతుంది, దాన్ని కరిగించడం చాలా కష్టం. ఉన్నాయి కదా అని బకెట్లు కుమ్మరించినా బ్లాక్ ట్యాంకు ముందే నిండి, ఆదా అంతా వృథా అవుతుంది. మనలో చాలామందికి నీళ్ళతో శుభ్రం చేసుకోవడం అలవాటు. దానికి తప్పనిసరిగా మంచినీళ్ళే వాడాలి, అందుకు వేరే చెంబు పెట్టుకోవాలి.

వాడిన నీటిని 24 గంటలకు మించి ఉంచకూడదు. అందులో తిండి, చర్మం, సబ్బు ఉంటాయి, వాటిని తిని సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. స్నానపు నీళ్ళలో మలంలోని క్రిములు కూడా కొద్దిగా ఉంటాయన్నది మరచిపోకూడదు. మేము రోజూ రాత్రి పడుకునే ముందు బకెట్‌లో మిగిలింది గ్రే ట్యాంకులోకి వంచేసి, బకెట్ ఆరబెడతాము. ఇంట్లో ఎవరికైనా విరేచనాలో వాంతులో ఉంటే ఆ రోజులన్నీ ఈ పద్ధతి పూర్తిగా మానేయాలి. వాసన పోతుందని బకెట్‌లో బ్లీచ్ పోయడం ప్రమాదకరం. ఆ నీళ్ళు బ్లాక్ ట్యాంకులో మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది, చిన్న బండిలో అది పోయే దారి ఉండదు.

ఊళ్ళో స్నానాల గది నీళ్ళు పెరటి అరటిచెట్టుకు పారేవి కదా, ఇక్కడ ఎడారి మొక్కలకు పోస్తే తప్పేమిటని మా అమ్మ అడిగింది. అడగదగిన ప్రశ్నే. అరిజోనాలో 2001 నుంచి ఇళ్ళలో రోజుకు 400 గ్యాలన్ల లోపు గ్రే వాటర్‌ను, నిబంధనలు పాటిస్తే, విడిగా పర్మిట్ తీసుకోకుండా తోటకు వాడుకోవచ్చు. అక్కడ కూడా వంటగది సింకు నీళ్ళు ఆ లెక్కలోకి రావు, జిడ్డు, తిండి ఎక్కువ కాబట్టి. అయితే అది సొంత ఇంటికి వర్తించే నియమం, శిబిరం వేసుకున్న నేలకు కాదు. నేషనల్ పార్కుల్లో బండి నుంచి మురుగు ఏదైనా అందుకు కేటాయించిన చోటే వదలాలి. నేషనల్ ఫారెస్టుల్లో వాడిన నీటిని వెంట తీసుకుపోవాలి, లేదా ఏర్పాటు చేసిన చోట పారబోయాలి. బీఎల్ఎం నేలల మీద కేంద్ర నియమం కడిగిన నీటి విషయంలో కొంత సడలింపు ఇచ్చినా, రాష్ట్ర, స్థానిక నియమాలు, ఆ శిబిరపు షరతులు దాన్ని కట్టడి చేయవచ్చు. వేల బండ్లు ఆగే చోట ఒక్కొక్కరు ఒక్క బకెట్ పోసినా ఈగలు, ఎలుకలు, వాసన మిగులుతాయి. అందుకని మేము నేల మీద చుక్క కూడా పోయము.

చివరగా డంప్ స్టేషన్ దగ్గర. క్వార్ట్జ్‌సైట్‌కు దక్షిణాన లా పోసాలో అలాంటిది ఒకటి ఉంది. చేతి తొడుగులు వేసుకుని, గొట్టం బిగించి, ముందు బ్లాక్ ట్యాంకు వదలాలి. అది ఆగిపోయాక వాల్వు మూసి, అప్పుడు గ్రే ట్యాంకు తెరవాలి. మళ్ళీ వాడుకునే పద్ధతిలో గ్రే ట్యాంకులో నీళ్ళు తక్కువగానే ఉంటాయి కాబట్టి, చివరి రోజు స్నానపు నీళ్ళు బకెట్‌లో పట్టకుండా ట్యాంకులోకే వదిలేయండి. ఆ సబ్బు నీళ్ళే గొట్టం లోపలి మురికిని కడిగి తీసుకుపోతాయి, దానికని మంచినీళ్ళు ఖర్చు పెట్టనక్కర్లేదు. గొట్టం విప్పి, తొడుగులు చెత్తలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాతే మంచినీటి కుళాయి దగ్గరికి వెళ్ళి, మంచినీళ్ళకే వాడే తెల్ల గొట్టం తీసి ఫ్రెష్ ట్యాంకు నింపుకోవాలి.