పాత చీరల బొంత: మూడో పాఠం – పొరలు పరచడం, వరసలు కుట్టడం

కిందటి పాఠంలో చీరలు కోసి పెట్టుకున్నాం. పసిబిడ్డ బొంత కాబట్టి 36 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పున్న మూడు ముక్కలు మీ దగ్గర ఉండాలి. గంజి పూర్తిగా వదిలేలా గోరువెచ్చని నీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి ఉంచారనుకుంటాను. గంజి మిగిలితే సూది పట్టేస్తుంది, పెట్టెలో పెట్టినప్పుడు పురుగు కూడా చేరుతుంది. కోసేసిన అంచులు మాత్రం పారేయకండి, వాటితో వచ్చే పాఠంలో పని ఉంది.

ఈ పనికి రోహిణి కార్తె రోజులే మంచివని నా నమ్మకం. ఆవకాయ జాడీలు సర్దేసి ఉంటాం. పిల్లలకు బడి ఇంకా తెరవలేదు. మధ్యాహ్నం గడప దాటలేం కాబట్టి ఇంట్లో నలుగురూ ఒకచోట కూర్చుంటారు. ఉతికిన బట్ట గంటలో ఆరిపోతుంది. మృగశిర వచ్చి ముసురు పట్టిందంటే మూడు పొరల బొంత లోపలిదాకా ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ముక్కిపోయిన వాసన కూడా వేస్తుంది. అందుకే వానలకు ముందే కుట్టు పూర్తి చేసి, ఒక్కసారైనా ఉతికి ఎండలో వేయగలిగితే మంచిది.

మా ఇంట్లో ఈ బొంత మా అక్క కూతురి కోసం. దానికి ఇప్పుడు ఆరో నెల, పురుటికి పుట్టింటికి వస్తుంది. బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు కొనకూడదని మా పెద్దవాళ్ల పట్టింపు. పాత చీరల బొంతకు మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పరు. పసివాళ్ల ఒంటికి అసలు కావలసిందీ పాత నూలే. వందసార్లు ఉతికిన బట్ట మెత్తగా ఉంటుంది, తడి పీలుస్తుంది, కుదించుకుపోవడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కొత్త బట్ట కలిపితే మొదటి ఉతుకులోనే అదొక్కటే ముడుచుకుని బొంత మెలితిరుగుతుంది. పట్టు అంచున్న గద్వాల చీరకూ ఇదే ఇబ్బంది, పట్టూ నూలూ ఒకేలా కుదించుకోవు. జరీ అయితే పసిచర్మానికి గీసుకుంటుంది. నడుమ బుటాలు లేని మంగళగిరి నూలు చీరైనా, సన్నటి వెంకటగిరి చీరైనా అంచు కోసేస్తే దీనికి బాగా సరిపోతాయి.

ఇక పరవడం. తెల్లవారి ఆరింటికల్లా మొదలుపెట్టండి, ఎందుకంటే ఫ్యాను ఆపాలి. ఫ్యాను తిరుగుతుంటే పాత నూలు చీర ఒక్క క్షణం నిలవదు, పది దాటాక ఫ్యాను లేకుండా మనం నిలవలేం. గచ్చు తుడిచి ఆరనిచ్చి, అడుగు పొరను తిరగేసి, అంటే మంచి వైపు నేలకు ఉండేలా పరవండి. నాలుగు మూలలా లావుపాటి పుస్తకాలు బరువు పెట్టండి. మా ఇంట్లో దీనికి బైండు చేయించిన పాత వారపత్రికల సంపుటాలు వాడతాం, ఆ పూట పని అయ్యాక చదవడానికీ అవే. దానిమీద నడిమి పొర. పలచబడిన ముక్క, చిన్న చిరుగున్న ముక్క ఏదైనా ఉంటే దాని చోటు ఇదే. అన్నిటికంటే మెత్తనిది, రంగు బాగున్నది పైన. మూడు పొరల్లోనూ పడుగు ఒకే దిక్కున ఉండాలి. చీర పొడుగునా పోయే దారమే పడుగు. ఒక పొరలో పడుగు నిలువుగా, ఇంకోదాంట్లో అడ్డంగా ఉంటే సాగడంలో తేడా వచ్చి ముడతలు పడతాయి. ప్రతి పొరనూ అరచేత్తో మధ్యనుంచి అంచులకు నిమరండి. లాగి సాగదీయొద్దు.

పొరలు కదలకుండా ఇప్పుడు కచ్చా కుట్లు వేయాలి. మధ్యలో సూది దించి నాలుగు వైపులకూ పోవాలి, ఆ తర్వాత నాలుగు మూలలకూ. కుట్టు బెత్తెడు పొడుగున్నా ఫరవాలేదు, వరసకీ వరసకీ జానెడు దూరం చాలు. అంచునుంచి మొదలుపెడితే మిగులు గుడ్డంతా నడుమకు చేరి గుట్ట కడుతుంది, దాన్ని ఆ తర్వాత ఏ కుట్టూ సరిచేయలేదు. తర్వాత లాగేయాలి కాబట్టి బొంతలో లేని రంగు దారం తీసుకోండి. ఈ పని అయ్యాక ఫ్యాను వేసుకోవచ్చు, బొంతను ఒళ్లోకీ తీసుకోవచ్చు.

అసలు కుట్టుకు దబ్బనం వద్దు. అది గోనెసంచులు కుట్టేది, పలచటి నూలులో కన్నాలు చేస్తుంది. కన్ను కాస్త పెద్దగా ఉండే ఎంబ్రాయిడరీ సూది, 5 నుంచి 7 నంబరు లోపలిది సరిపోతుంది. ప్యాకెట్ మీద నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి. మిషన్ దారం ఒంటిపోగుగా ఈ కుట్టుకు బలం చాలదు. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారాన్ని విడదీసి మూడు పోగులుగా వాడండి. 8 మీటర్ల లచ్చ అలా విడదీస్తే 16 మీటర్లవుతుంది. అర అంగుళానికో వరస చొప్పున మన బొంతకు దాదాపు 60 వరసలు, అంటే 55 మీటర్ల కుట్టు. కొసల్లో పోయేది కూడా లెక్కేసుకుంటే ఐదు లచ్చలు కావాలి. బెంగాల్‌లో కాంతా, అంటే మన బొంతలాంటిదే, కుట్టేవాళ్లు పాత చీర అంచులనుంచే దారం లాగి వాడేవారు, ఓపికుంటే మీరూ లాగి చూడండి. దారం మాత్రం వేళ్ల కొసనుంచి మోచేతిదాకా, అంతకు మించి తీసుకోవద్దు. పొడుగు దారం చిక్కుపడుతుంది, గుడ్డలో దూరి దూరి నూగు లేచి తెగుతుంది.

మొదటి వరస నడిమధ్యలో, పొడుగునా. గళ్ల చీరైతే గళ్లే గీతలు. సాదా చీరైతే గోటితో గట్టిగా గీస్తే మడత గుర్తు పడుతుంది, ఆ వరస పూర్తయ్యేదాకా అది నిలుస్తుంది. పెన్సిలు వద్దు, మరక పోదు. కుట్టు వడ్లగింజంత ఉంటే చాలు. ఇంకా చిన్నగా వేయాలని ఆరాటపడకండి. చిన్నదా పెద్దదా అన్నదానికంటే అన్నీ ఒకే కొలతలో ఉన్నాయా అన్నదే చూడాలి. సూదికి నాలుగైదు కుట్లు ఎక్కించి ఒకేసారి లాగండి. కింద ఎడమచేతి వేలికి సూదిమొన తగిలిన ప్రతిసారీ మూడు పొరలూ అందినట్టే. తగలకపోతే అడుగు పొర తప్పిపోయిందన్నమాట, అక్కడే సరిచేసుకోండి. లాగాక బొటనవేలితో వరసను ఒకసారి వెనక్కి నిమిరితే దారం వదులై ముడతలు పడదు.

ముడి బయటికి కనబడకూడదు. దారం మొదలుపెట్టేటప్పుడు ముడిని లాగి పొరల మధ్యకు దించండి. అయిపోయేటప్పుడు రెండు కుట్లు వెనక్కి వేసి, సూదిని పొరల మధ్య అంగుళం మేర నడిపి బయటికి తీసి కత్తిరించండి.

బొంత కుట్టడానికి ఇద్దరుంటే పని మారిపోతుంది. ఎదురెదురుగా కూర్చుని ఒకరు వేసిన వరస పక్కన మరొకరు వేయండి. ఈ సగం నీది, ఆ సగం నాది అని పంచుకోవద్దు. ఒకరి చేయి బిగువు, ఇంకొకరిది వదులు ఉంటుంది, సగాలుగా పంచుకుంటే బొంత ఒకవైపు లాగినట్టుంటుంది. వరస విడిచి వరస కుడితే ఆ తేడా అంతటా సమంగా పడుతుంది. మూడో మనిషి ఉంటే చదవమనండి. మా ఇంట్లో అత్తయ్య ఎప్పుడో ఆగిపోయిన సీరియల్ భాగాలు పైకి చదువుతుంది. డాలస్‌నుంచి తమ్ముడి ఫోనొస్తే స్పీకర్ పెట్టి పుస్తకం మూసేస్తాం. అక్క కూతురికి ఈ నెల చెకప్‌లో అంతా బాగుందని, తాతయ్య కంటి ఆపరేషన్ శ్రావణానికి వాయిదా పడిందని మాకు తెలిసింది ఈ వరసల మధ్యే. చూపు గుడ్డమీద, చెవి మాటమీద పెట్టగలిగేంత సులువైన కుట్టు ఇది. ఆ సులువు వచ్చేదాకా మొదటి పది వరసలు మాత్రం మౌనంగా కుట్టండి.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరినీ వదలను. కూర్చునేటప్పుడు సూదులు లెక్కపెట్టుకోండి, లేచేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే అది దొరికేదాకా బొంత మడవొద్దు. అయస్కాంతం ముక్క దగ్గర పెట్టుకుంటే వెతకడం తేలిక. ఇది పసిబిడ్డ పడుకునే బట్ట. పడుకోవడానికే సుమా, నిద్రలో ఉన్న పసివాళ్లమీద కప్పడానికి కాదు. ముఖంమీద పడితే తోసేసుకోలేరు.

వచ్చే పాఠం అంచు కట్టడం. నర్సాపురం లేసు కుడితే బాగుంటుందా అని కొందరు అడిగారు. పెద్దవాళ్ల దుప్పటికైతే చాలా బాగుంటుంది. లేసు కన్నాల్లో చిన్న వేళ్లు ఇరుక్కుంటాయి కాబట్టి దీనికి వద్దు. ఈలోగా నడుమనుంచి ఒకవైపు వరసలన్నీ పూర్తిచేయండి, రెండోవైపు సగానికి వచ్చినా చాలు. కచ్చా కుట్లు అప్పుడే తీయకండి. దాచిన అంచుల్లో రెండు అంగుళాల వెడల్పున్న జరీ లేని పట్టీలు ఏరి, రంగు దిగుతుందేమో చూడటానికి రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఉంచండి.