కొత్త ఈ-రీడర్ కొనేముందు లైటు పోల్చి చూడటం ఎలా?

పుస్తకాలు చదువుకునే పాత ఈ-రీడరు పక్కన కొత్తది పెట్టి, రెండిట్లో లైటు ఫుల్లుగా పెంచి, పట్టపగలు హాల్లో ఒక్క చూపు చూసి "కొత్తదే బాగుంది" అనేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కావలిలో మా బామ్మర్ది సరిగ్గా ఇదే చేశాడు. కొన్న నాలుగో రోజు రాత్రి ఫోన్ చేసి "బావా, కింద అంచున నీడలు నీడలుగా ఉందే" అన్నాడు. అవి మొదటి రోజూ ఉన్నాయి, వెలుతుర్లో కనపడలేదు, అంతే.

కావాల్సినవి: మీ పాతది, కొనాలనుకున్న మోడల్ ఎవరి దగ్గరన్నా ఒక్క రాత్రికి అడిగి తెచ్చుకున్నది, కళ్లజోడు తుడిచే గుడ్డ. రెండిటికీ కవర్లు తీసి, తుడిచి, ఆటో బ్రైట్‌నెస్ ఆపేసి, వార్మ్ లైట్ (తెరని పసుపుగా మార్చే వెలుగు) సున్నాకి తెచ్చి, రెండిట్లోనూ అక్షరాలు తక్కువగా ఉన్న పేజీ తెరవండి. అధ్యాయం మొదటి పేజీ అయితే చాలు.

ఎల్ఈడీల లెక్క చూసి మోసపోకండి. ఫోన్లో లైటు వెనక నుంచి వస్తుంది. ఈ-రీడర్లో అట్లా కాదు, అంచున ఉన్న చిన్న ఎల్ఈడీల వెలుగుని పైనున్న పల్చటి పొర స్క్రీనంతా పరుస్తుంది. అది సరిగా పరచకపోతే అంచు దగ్గర నీడలు పడతాయి. 2018 అమెజాన్ కిండిల్ పేపర్‌వైట్‌లో 5, 2021 దాంట్లో 17 అని చెప్తారు గానీ, ఆ 17లో వార్మ్ లైట్ కోసం పెట్టిన పసుపువి కూడా కలిసే ఉన్నాయి.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. రెండిట్లోనూ లైటు మెట్టు 12 పెట్టాను కాబట్టి సమానమే అనుకుంటారు. ఒక మోడల్ 12 ఇంకో మోడల్ 12 కాదు, కంపెనీ మారితే అసలే కాదు. అంకె చూడకండి, కంటితో సరిపోల్చండి. రాత్రి పదింటి తర్వాత లైట్లన్నీ ఆపి, ఫోను పక్కగదిలో పడేసి, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. కరెంటు పోయిన రాత్రయితే ఇంకా మంచిది, మా ఒంగోల్లో ఎండాకాలం దానికి లోటు ఉండదు. కర్టెన్ మాత్రం వేయాలి, వీధిలైటు ఒక్క చార స్క్రీన్ మీద పడ్డా అది రీడరు తప్పనుకుంటారు.

రెండూ అంచుకి అంచు ఆనించి, అక్షరాలు మసకబారేంతగా కళ్లు సగం మూసి, ఎక్కువ వెలుగున్నదాన్ని ఒక్కో మెట్టు తగ్గిస్తూ రండి. తేడా పోయిందనిపించాక కుడిదాన్ని ఎడమకి మార్చి మళ్లీ చూడండి. ఇప్పుడు ఒకటి ఎక్కువ కనిపిస్తే ఇంకా కుదర్లేదన్నమాట, మళ్లీ మొదట్నించి. ఇక్కడ ఓపిక పట్టలేకపోతే మిగతాదంతా దండగ, ఎందుకంటే ఎక్కువ వెలుగున్నదే మంచిదని కన్ను ఎప్పుడూ చెప్తుంది.

కుదిరాక ఒక్కోదాన్ని తలకిందులుగా తిప్పండి. నీడ రీడరుతో పాటు పైకి వచ్చిందా, తప్పు దానిదే. అక్కడే ఉండిపోయిందా, గదిది. ఇదంతా మీరు రాత్రి చదివే తక్కువ వెలుగులోనే చూడాలి. ఫోన్లో ఫొటో తీసి పోల్చడం మాత్రం వద్దే వద్దు, కెమెరా వెలుగునీ రంగునీ తనంతట తనే సర్దేస్తుంది, ఉన్న నీడ పోతుంది, లేని నీలం వస్తుంది.

వార్మ్ లైట్ ఆఖర్న చూడండి, పక్కపక్కన పెట్టి కాదు, ఒక్కోదాంట్లో ఇరవై నిమిషాలు దోమతెరలో పడుకుని చదివి. ముందే చూస్తే కన్ను ఆ పసుపుకి అలవాటు పడి, తెల్లటిది నీలంగా కనిపిస్తుంది. రాత్రిళ్లు చదివేవాళ్లు వార్మ్ లైట్ లేని రీడరు కొననే కూడదు.

రంగుల ఈ-ఇంక్ (ఈ-రీడర్లలో ఉండే కాగితంలాంటి తెర, రంగులతో) మీద మనసుంటే దాన్ని పగలు కూడా, లైటు పూర్తిగా ఆపేసి ఒకసారి చూడండి. చాలావాటిలో రంగుల కోసం పెట్టిన ఫిల్టర్ వల్ల పేజీ బూడిదగా ఉంటుంది, నలుపు-తెలుపు దాంట్లో లైటు అక్కర్లేని చోట కూడా దీంట్లో పెంచుకోవాల్సి వస్తుంది. ఆ బూడిద మీకు నచ్చకపోతే లైటు పోల్చే పనే లేదు.