మడమ నొప్పి: మంచం దిగకముందే మొదలుపెట్టాలి

పొద్దున్నే మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటుంది. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే పోటు. ఇలా ఉంటే చాలావరకు ప్లాంటార్ ఫేషియైటిసే. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాల్లో సాగే గట్టి పట్టీ, మడమకు అతుక్కున్న చోట దెబ్బతింటుంది.

అదో కాదో చూసుకోవడానికి కుర్చీలో కూర్చుని నొప్పి కాలిని రెండో మోకాలి మీద పెట్టుకోండి. ఒక చేత్తో కాలి వేళ్లను పట్టుకుని పైకి, పిక్క ముందు ఎముక వైపుకి వంచండి. అరికాల్లో పట్టీ తాడులా బిగుస్తుంది. రెండో చేతి బొటనవేలితో దాని వెంటే నొక్కుతూ మడమ దాకా రండి. మడమ నడిమధ్యన కాదు, కాస్త ముందు, లోపలి అంచు వైపు నొక్కితే ప్రాణం పోయినట్టుంటే చోటు దొరికినట్టే.

ఎక్స్‌రేలో ‘ఎముక పెరిగింది’ అంటే కంగారు పడకండి. అలాంటి ముల్లు ఏ నొప్పీ లేనివాళ్ల మడమల్లోనూ కనిపిస్తుంది.

నొప్పి చోటు వెతకడానికి వేళ్లు వంచిన భంగిమే మొదటి వైద్యం. వేళ్లు వంచి పది లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు. మొదటి పూట మాత్రం మంచం మీదే, పాదం నేలకు తగలకముందే అవ్వాలి. రాత్రంతా కదలిక లేక బిగుసుకున్న పట్టీ మీద ఒక్కసారిగా ఒంటి బరువంతా పడటం వల్లే ఆ పొద్దుటి పోటు. బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి చేద్దామనుకుంటే సగం ఫలితం పోయినట్టే.

హైదరాబాద్ ఇళ్లలో షాబాద్ బండలో, మార్బులో, గ్రానైటో ఉంటాయి. వాటి మీద వట్టి కాళ్లతో తిరిగితే చేసిన వ్యాయామం వృథా. మడమ దగ్గర మెత్తగా, పాదం వంపు కింద ఎత్తుగా ఉండే చెప్పుల జత ఇంట్లోకే విడిగా కొని మంచం పక్కన పెట్టుకోండి. వంటింట్లోకి చెప్పులు రానివ్వని ఇళ్లలో గట్టు ముందు మందపాటి మ్యాట్ వేయండి. అరిగిన హవాయి చెప్పులు ఇక వద్దు.

రెండు మూడు వారాలయ్యాక పట్టీకి బలం ఇవ్వాలి. మెట్టు అంచున ముందుపాదం మీద నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. గోడ పట్టుకుని 3 సెకన్లలో మడమ పైకెత్తి, 2 సెకన్లు ఆగి, 3 సెకన్లలో దించండి. 12 సార్లు చొప్పున 3 విడతలు, రోజు విడిచి రోజు. ఒంటికాలితో చేయడమే అసలు పద్ధతి, కాకపోతే రెండు కాళ్లతో మొదలుపెట్టండి. ఎగిరెగిరి చేయడం, రోజూ చేయడం అందరూ చేసే తప్పులు. చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటి తొలి అడుగు నిన్నటికంటే బాధిస్తే విడతలు తగ్గించండి.

సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద 10 నిమిషాలు దొర్లిస్తే హాయిగా ఉంటుంది. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లు ఈ పని చేయొద్దు. కేబీఆర్ పార్కులో నాలుగు రౌండ్లు కొట్టేవాళ్లు కొన్నాళ్లు సైకిల్‌కి మారండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు ఉపశమనం రావచ్చు. కానీ పదేపదే వేయిస్తే పట్టీ తెగే ముప్పుంది, మడమ కింది కొవ్వు మెత్త కూడా పలచబడుతుంది. వ్యాయామంతో తగ్గడానికి నెలలు పడుతుంది, చాలామందికి ఏడాదిలోపే తగ్గుతుంది.

మడమను రెండు పక్కల నుంచి పిండితే నొప్పి వచ్చినా, పడుకున్నప్పుడూ సలిపినా, వాపు, జ్వరం, తిమ్మిరి ఉన్నా ఇవన్నీ ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. రెండు మడమలతో పాటు పొద్దున్నే నడుము కూడా పట్టేస్తుంటే రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టర్) దగ్గరికి వెళ్లాలి.