రైడ్-1లో ఒక డిస్క్ పోయిందా? కొత్తది పెట్టే ముందు

లైనక్స్ సర్వర్‌లో రైడ్ స్థితిని చూపే ఎండీస్టాట్ ఫైల్‌లో రెండు 'యూ'లు ఉండాల్సిన చోట ఒక 'యూ', ఒక అండర్‌స్కోర్ కనిపిస్తే రైడ్-1లో, అంటే ఒకే డేటాను రెండు డిస్క్‌ల మీద ఉంచే ఏర్పాటులో, ఒక డిస్క్ జారిపోయినట్టే. డేటా ఇంకా ఉంది. కంగారుపడి రీబూట్ చేయకండి. ముందు బ్యాకప్. రీబిల్డ్, అంటే కొత్త డిస్క్ మీదికి డేటాను తిరిగి రాయడం, మిగిలిన డిస్క్‌ను మొదలు నుంచి చివరిదాకా చదువుతుంది, దాచి ఉన్న చెడ్డ సెక్టార్లు అప్పుడే బయటపడతాయి. డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌లో ఆ డిస్క్‌కు 197 నంబరున్న వరుస, అంటే పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమైనవి), సున్నా ఉందా చూడండి. అక్కడే పోయిన డిస్క్ సీరియల్ నంబరు రాసుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని లైనక్స్ డిస్క్‌లకిచ్చే పేర్లను నమ్మొద్దు, రీబూట్‌కి అవి మారిపోవచ్చు. పోయిన డిస్క్ అసలు పలకకపోతే బాగున్నదాని సీరియల్ చూసుకుని, అది కానిదాన్ని ఊడదీయండి.

రైడ్‌ను నడిపే ఎండీఏడీఎం కమాండ్‌తో పోయినదానికి ఫెయిల్, రిమూవ్ ఇచ్చాక కొత్తది బిగించండి. జీపీటీ (డిస్క్ విభాగాల పట్టిక) పార్టిషన్లను ఎస్‌జీడిస్క్ కమాండ్‌తో కాపీ చేసేటప్పుడు మాత్రం మహా జాగ్రత్త: క్యాపిటల్ 'ఆర్' వెంటనే కొత్త డిస్క్ పేరు, చివర్లో పాతది. తారుమారైతే ఖాళీ టేబుల్ వెళ్లి బాగున్న డిస్క్ మీద పడుతుంది. కొత్తదానికి క్యాపిటల్ 'జీ'తో వేరే గుర్తింపులిచ్చి, పార్టిషన్‌ను ఎండీఏడీఎంతో రైడ్‌కి యాడ్ చేయండి.

సింక్ పూర్తయ్యాక చాలామంది మరిచేది బూట్‌లోడర్, అంటే సర్వర్ ఆన్ కాగానే లైనక్స్‌ను లేపే ప్రోగ్రాం. బయాస్ సర్వరైతే కొత్త డిస్క్‌లోనూ గ్రబ్ అనే ఆ బూట్‌లోడర్‌ను ఇన్‌స్టాల్ చేయాలి. కొత్త తరహా యూఈఎఫ్‌ఐ అయితే బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ సాధారణంగా రైడ్‌లో ఉండదు, విడిగా కాపీ చేయాల్సిందే.