స్కాట్లండ్ మాట ‘హేవర్’: అర్థం, వాడుక

స్కాట్లండ్ వారి నోట ‘హేవర్’ అనే మాట వినబడినప్పుడు, దానికి ఇంగ్లండు అర్థాన్ని అంటగట్టకండి. ఇంగ్లండులో ఆ క్రియకు ఎటూ తేల్చుకోలేక తటపటాయించడమనే అర్థం స్థిరపడింది గాని, స్కాట్స్ భాషలో మాత్రం అర్థంపర్థం లేకుండా మాట్లాడటం, మన వాడుకలో చెప్పాలంటే సొల్లు వాగడం, అన్నదే అసలు అర్థం. కనుక ఎడిన్‌బరోలో ఎవరైనా మీతో ‘డిన్నా హేవర్’ అన్నారంటే, త్వరగా నిర్ణయం తీసుకోమని తొందరపెడుతున్నట్టు కాదు, పిచ్చి మాటలు కట్టిపెట్టమని చెబుతున్నట్టు. 1988లో స్కాట్లండ్ గాయకులైన ప్రొక్లెయిమర్స్ సోదరులు పాడిన ఐదు వందల మైళ్ల పాటలో ఈ క్రియ ఉంది. ఆ పాటను హుషారుగా పాడుకునే వారిలోనూ ఆ ఒక్క మాట దగ్గర తడబడేవారు తక్కువేమీ కాదు.

చివర ‘స్’ చేర్చి ‘హేవర్స్’ అంటే అది నామవాచకమై, ఒట్టి పనికిమాలిన మాటలనే అర్థాన్ని ఇస్తుంది. ఎదుటివారి వాదనను కొట్టిపారేయడానికి ఈ ఒక్క మాటనే విడిగా కూడా అనవచ్చు. ఉచ్చారణలో మొదటి అక్షరాన్ని ‘హే’ అని దీర్ఘంగానే పలకాలి.

దీనికి దగ్గరగా కనిపించే ‘బ్లెదర్’ను మాత్రం దీని బదులు వాడకండి, అందులో వాగుడనే ఎత్తిపొడుపు ఉన్నా, స్నేహితులు తీరిగ్గా కూర్చుని చెప్పుకునే పిచ్చాపాటి కబుర్లకు కూడా దాన్ని ఆప్యాయంగా వాడతారు.