బుడగలు తగ్గాయి, ఇనుము మాత్రం కరుగుతూనే ఉంది: ఆకు సారం ఇన్‌హిబిటర్ ఎక్కడ తప్పుతోంది?

లక్షణం: 1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో శుభ్రమైన ఉక్కు బిళ్లను, ఇన్‌హిబిటర్‌గా (యాసిడ్ లోహాన్ని తినకుండా ఆపే పదార్థంగా) వేసిన గోరింటాకు సారం బాగానే కాపాడింది. అదే మోతాదు తుప్పు వదిలించే తొట్టిలో వేస్తే, నాలుగు విడతలయ్యేసరికి సరుకు గరుకుబారి బరువు తగ్గిపోతోంది.

ఇక్కడ అందరూ చేసే పని మోతాదు రెట్టింపు చేయడం. అంతకంటే ముందు సారంలో కరిగి ఉన్న ఘనపదార్థం ఎంతో చూడండి. 10 మి.లీ. తీసి 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక మారనంతవరకు ఎండబెట్టి తూచండి. 0.5 గ్రాము మిగిలితే లీటరుకు 50 గ్రాములున్నట్టు. లీటరు యాసిడ్‌కు 1 గ్రాము కావాలంటే 20 మి.లీ. పోయాలి. "ఒక గ్లాసు కషాయం" అన్నది మోతాదు కాదు. ఈ ఒక్క తూకం వేయకుండా మొక్కను తప్పుపట్టేవాళ్లే ఎక్కువ.

అసలు దొంగ: ఫెర్రిక్ ఇనుము

తూకం సరిగ్గానే ఉంటే తొట్టిలోని యాసిడ్‌ను అనుమానించండి. తుప్పు కరిగినప్పుడల్లా ఫెర్రిక్ అయాన్లు (మూడు ధనావేశాలున్న ఇనుము) పోగవుతాయి. అవి నేరుగా లోహం మీద పడతాయి: ఒక ఇనుప పరమాణువు, రెండు ఫెర్రిక్ అయాన్లు కలిసి మూడు ఫెర్రస్ అయాన్లవుతాయి (వీటికి రెండేసి ధనావేశాలు). అంటే 1 గ్రాము ఫెర్రిక్ అర గ్రాము ఉక్కును తింటుంది. ఈ చర్యలో హైడ్రోజన్ రాదు. అందుకే బుడగలు తగ్గి సారం పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. వాయువు కొలిచి సామర్థ్యం లెక్కగట్టేవాళ్లు మోసపోయేది ఇక్కడే. బిళ్లను తూచితేనే నిజం తెలుస్తుంది. యాసిడ్‌ను కలియబెట్టేకొద్దీ నష్టం పెరిగితే అనుమానం బలపడినట్టే.

పరీక్ష తేలిక. తొట్టి యాసిడ్ కొన్ని చుక్కలు నీళ్లలో పదింతలు పలచన చేసి, పొటాషియం థయోసయనేట్ ద్రావణం రెండు చుక్కలు వేయండి. నెత్తురు రంగు వస్తే ఫెర్రిక్ ఉంది. సారానికి ఎలాగూ గోధుమ రంగుంటుంది కాబట్టి, సారం కలిపిన కొత్త యాసిడ్‌ను పక్కనే పెట్టి పోల్చండి.

విరుగుడు ఆస్కార్బిక్ ఆమ్లం. లెక్క ప్రకారం 1 గ్రాము ఫెర్రిక్‌కు దాదాపు 1.6 గ్రాములు. ఫెర్రిక్ ఎంతో కొలవలేకపోతే కొద్దికొద్దిగా వేస్తూ, ఎర్ర రంగు రావడం ఆగేదాకా పరీక్షించండి. మళ్లీ పోగవకుండా వదులు తుప్పును ముందే వైరు బ్రష్‌తో రాల్చండి, తొట్టిలోకి గాలి ఊదకండి. సారం పట్టు పెంచడానికి కలిపే పొటాషియం అయొడైడ్‌ను ఫెర్రిక్ పోకముందే వేయడం దండగ: అయొడైడ్ కాస్తా అయొడిన్ అయిపోతుంది.

వేడి యాసిడ్‌లోనే విఫలమైతే: 60 డిగ్రీల దగ్గర సారం పొర లోహాన్ని వదిలేస్తోందన్నమాట. వేడి తగ్గించండి. కుదరకపోతే, ఫెర్రిక్ లేదని తేలాక, కొద్దిగా పొటాషియం అయొడైడ్ కలిపి చూడండి.

సారానికి పుల్లటి వాసన, బూజు వస్తే: పారబోయండి. పొడిగా ఎండబెట్టి దాచిన సారమే వాడండి.

నీటి కాఠిన్యం, వెలుతురు లాంటివి కారణం కావడం అరుదు. వాటితో మొదలుపెట్టకండి.